పరిణామ ప్రయోగాలకు సి. ఎలిగాన్స్: అనంతపురం ఎండల్లో వాడి చూశాక

పరిణామం కళ్లముందు జరుగుతుంటే చూడాలనుకునే ల్యాబుకు ఈ నులిపురుగును మించిన జీవి దొరకడం కష్టం. పొడవు ఒక మిల్లీమీటరు. 20 డిగ్రీల దగ్గర మూడున్నర రోజులకో తరం. దాదాపు అన్నీ ద్విలింగులే, జత లేకుండానే ఒక్కోటి 300 దాకా పిల్లల్ని కంటుంది. అసలు లాభం ఫ్రీజర్‌లో ఉంది: మొదటి తరాన్ని గడ్డకట్టించి దాచుకుని, యాభై తరాల తర్వాత దాన్ని లేపి మనవళ్లతో పోటీకి పెట్టొచ్చు. మామూలు ల్యాబుల్లో పండ్ల ఈగలతో ఆ పని సాగదు.

అనంతపురంలో మొదటి ఖర్చు మాత్రం చల్లదనానికే. 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఇది హాయిగా ఉంటుంది, 27 దాటితే సంతానం పడిపోతుంది. బీఓడీ ఇంక్యుబేటర్ (ఉష్ణోగ్రతను ఒకే చోట నిలిపి ఉంచే పెట్టె) కొనేటప్పుడు కంప్రెసర్ ఉందో లేదో చూసుకోండి. వేడి చేయడమే తప్ప చల్లబరచలేని పెట్టె మే నెలలో అలంకారానికే పనికొస్తుంది. లోపలి అరల్లో నీళ్ల సీసాలు నింపి పెడితే కరెంటు పోయినా ఉష్ణోగ్రత నెమ్మదిగా పెరుగుతుంది. రాత్రంతా కరెంటు లేకపోతే పురుగులు చస్తాయన్న భయం ఒక్కటే కాదు. మామూలుగా వెయ్యికి ఒకటో రెండో ఉండే మగవి, నాలుగో దశ లార్వాలకు కొన్ని గంటలపాటు 30 డిగ్రీలు తగిలితే వాటి పిల్లల్లో బాగా పెరుగుతాయి. క్రాసింగ్‌కు, అంటే రెండు రకాల సంకరానికి, మగవి కావలసినవాళ్లు కావాలనే ఇలా చేస్తారు. కానీ స్వయం ఫలదీకరణ మీద నడిచే ప్రయోగంలో ఇది జరిగితే జన్యువులు కలిసే తీరే మారిపోతుంది. అందుకే కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే థర్మామీటరు ఇంక్యుబేటర్‌లో ఉండాల్సిందే.

పురుగులను పెంచే ప్లేట్లలో పోసే ఎన్‌జీఎం మీడియా చవకే. లీటరుకు ఉప్పు 3 గ్రాములు, పెప్టోన్ 2.5, అగర్ 17. ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరిలో క్రిములు చంపడం) అయ్యాక 55 డిగ్రీలకు దించి కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ ఒక్కో మోలార్ ద్రావణం ఒక్కో మిల్లీలీటరు, మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములున్న కొలెస్ట్రాల్ ద్రావణం ఒక మిల్లీలీటరు, చివర్లో పీహెచ్ 6 ఫాస్ఫేట్ బఫర్ 25 మిల్లీలీటర్లు. ఒక్కోటి పోశాక ఫ్లాస్కు తిప్పకపోతే కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి తెల్లగా విరుగుతాయి. ఇక్కడి బోరు నీళ్ల ఉప్పదనం తెలిసిందే కాబట్టి డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే దారి లేదు, డిస్టిల్లర్ కాయిల్‌కు పట్టిన సున్నం కూడా తరచూ గీకాలి. అగర్ నాసిరకమైతే పురుగులు లోపలికి తొలుచుకుపోతాయి, లెక్కకు దొరకవు. ఎండాకాలం ప్లేట్లు అంచుల దగ్గర ముడుచుకుని పగులుతాయి. మూతపెట్టే డబ్బాలో ఉంచితే చాలు, తడిగుడ్డ వేస్తే బూజు రావడం ఖాయం.

ఇక బ్లీచింగ్. తరం మార్చేది ఇదే, ఎక్కువగా చెడేదీ ఇక్కడే. ప్లేటు కడిగిన 3.5 మిల్లీలీటర్ల నీళ్లకు, 5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ అర మిల్లీలీటరు, హైపోక్లోరైట్ (బ్లీచ్) ఒక మిల్లీలీటరు కలిపి కుదపాలి. పెద్ద పురుగులు చితికి గుడ్లు మిగులుతాయి. మైక్రోస్కోపు కింద ఒళ్లు విరగడం కనబడగానే ఎం9 బఫర్ (ఉప్పుల ద్రావణం) పోసి, సెంట్రిఫ్యూజ్ చేసి, రెండు మూడుసార్లు కడగాలి. గడియారం చూసి ఆపొద్దు, పురుగును చూసి ఆపాలి. ఎండకు నిలవున్న హైపోక్లోరైట్ బలం తగ్గుతుంది. అప్పుడు పురుగులు ఎంతకీ విరగవు, ఈలోగా అదే క్షారంలో నానిన గుడ్లు చస్తాయి. సీసాను ఫ్రిజ్‌లో, చీకట్లో పెట్టండి. కడిగిన గుడ్లను తిండి లేని ఎం9లో రాత్రంతా తిప్పితే అన్నీ పొదిగి మొదటి దశలో ఆగిపోతాయి, మర్నాడు వాటి తిండి అయిన ఓపీ50 బ్యాక్టీరియా పరిచిన ప్లేట్ల మీద ఒకేసారి మొదలవుతాయి.

ఇక్కడే చాలామంది పట్టించుకోని సంగతి ఉంది. మీ టైమ్‌టేబులే ఎంపిక ఒత్తిడి. ఎప్పుడూ నాలుగో రోజు ఉదయమే బ్లీచ్ చేస్తే, ఆ వేళకు కడుపులో గుడ్లున్నవాటికే వారసులుంటారు. ఆదివారం సెలవని ఓ తరం ఐదో రోజుకు జరిపితే ఒత్తిడి తారుమారవుతుంది. ఉదాహరణకు ఎక్కువ ఉప్పు వేసిన ప్లేట్ల మీద పెంచుతుంటే, ఉప్పుకు తట్టుకునే పురుగులు వచ్చాయని సంబరపడేలోపు, అవి త్వరగా గుడ్లు పెట్టే పురుగులు మాత్రమేనేమో చూసుకోవాలి. అదనపు ఉప్పు కలపకుండా అదే టైమ్‌టేబుల్ మీద నడిచే కంట్రోల్ లైన్లు లేని ప్రయోగానికి విలువ లేదు. ల్యాబుల్లో అందరూ వాడే ప్రామాణిక ఎన్2 రకానికే ఈ చరిత్ర ఉంది. 1951లో బ్రిస్టల్‌లో పుట్టగొడుగుల ఎరువులోంచి తీసిన ఈ రకాన్ని ఫ్రీజర్‌కు ఎక్కించేలోపు, ల్యాబు ప్లేట్ల మీదే ఎన్‌పీఆర్-1 జన్యువు మారింది. అడవి రకాలు ప్లేటు అంచున గుంపు కడితే, ఎన్2 విడివిడిగా తిరుగుతూ మేస్తుంది.

ఎన్2 ఒక్కదాంతో మొదలుపెడితే మరో చిక్కు. అన్నీ ఒకే అచ్చు కాబట్టి ఎంచుకోవడానికి తేడాలే ఉండవు. హవాయి రకం సీబీ4856 లాంటివాటితో సంకరం చేయాలి, లేదా రసాయనంతో మ్యుటేషన్లు తెప్పించాలి. 2011లో మోరన్ బృందం మ్యుటేషన్లతో తేడాలు తెప్పించిన పురుగులనే వాటికి జబ్బు తెచ్చే సెరాషియా బ్యాక్టీరియాతో కలిపి పెంచింది. స్వయం ఫలదీకరణ తప్ప దారి లేని గుంపులు సహపరిణామంలో (బ్యాక్టీరియా కూడా మారుతూ పోయినప్పుడు) 20 తరాల్లోపే నశించాయి, మగవాటితో కలిసేవి నిలిచాయి.

ఫ్రీజింగ్‌కు తిండి అప్పుడే అయిపోయిన ప్లేట్లలోని చిన్న లార్వాలే కావాలి, పెద్దవి బతకవు. చివరికి గ్లిసరాల్ 15 శాతం ఉండేలా కలిపి, వయల్స్‌ను థర్మాకోల్ పెట్టెలో పెట్టి మైనస్ 80కి పంపాలి. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దిగడానికే ఆ పెట్టె. మర్నాడే ఒక వయల్ కరిగించి చూడండి. లేపిన పురుగులను వెంటనే పోటీకి దింపొద్దు. ఆకలి, చలి ప్రభావం తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. పూర్వీకులనూ వారసులనూ రెండు తరాలు ఒకేలా మేపాక, పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ ప్రోటీన్ గుర్తున్న రకంతో సగం సగం కలిపి లెక్కపెట్టాలి.

చీనీ తోటల్లో రాలి కుళ్లిన కాయల్లో అడవి నులిపురుగులు దొరుకుతాయి, సరదా పనే. కానీ వాటితో మైట్స్ (నల్లి జాతి సన్న పురుగులు) వస్తాయి, అవి ప్లేటు నుంచి ప్లేటుకు పాకుతూ బూజు అంటిస్తాయి. ఆ కాయలను వేరే గదిలోనే విప్పండి.

వేడి మీదే ప్రయోగం చేయాలనుకుంటే దీని దగ్గరి బంధువైన సి. బ్రిగ్సే మేలు. దాని ఏఎఫ్16 రకం అహ్మదాబాద్‌ది, ఎన్2 కన్నా వేడికి ఓర్చుకుంటుంది. మిగతా పనులకు ఎన్2నే తీసుకోండి, అయితే మైనస్ 80 ఫ్రీజర్‌కు జనరేటర్ లైను లేని చోట దీర్ఘకాల ప్రయోగం మొదలుపెట్టకండి.