పట్టేసిన సీటు బెల్టు బకిల్: నీళ్లు, ఆల్కహాల్, స్ప్రేలు ఆరేళ్లు వాడాక

బకిల్ పట్టేసిందనగానే చాలామంది తుప్పు వదిలించే స్ప్రే డబ్బా అందుకుంటారు. ఆరేళ్లుగా ఇంటి కార్లలోనూ ట్యాక్సీల్లోనూ ఈ పనికి రకరకాలవి వాడి చూస్తే, అన్నిటికంటే బాగా పనిచేసింది గోరువెచ్చని నీళ్లు. దాని తర్వాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఈ వరస మారిందంటే పని చెడుతుంది.

కారణం లోపల చేరే మురికిలోనే ఉంది. బెల్టుకుండే లోహపు నాలుక లోపలికి దిగగానే దాని కంతలో ఒక లాక్ పలక పడుతుంది. ఎర్ర బటన్ నొక్కితే ఆ పలక తొలగుతుంది, అడుగునున్న స్ప్రింగ్ నాలుకను పైకి తన్నుతుంది. ఈ కదలికలన్నీ చాలా తక్కువ జాగాలో జరుగుతాయి. అందులోకి కూల్‌డ్రింకో చెరకు రసమో నాలుగు చుక్కలు పడి, ఎండలో నిలిపిన కారులో ఆరితే పాకం గట్టిపడినట్టే. స్ప్రింగు బలం ఆ జిగురును విడిపించలేదు. వెనక సీటు బకిల్‌లో లడ్డూ పొడి, కలకండ పలుకు, బిస్కెట్ నలుసులు కూడా మామూలే. చక్కెర నీళ్లలో కరుగుతుంది, ఐసోప్రొపైల్‌లో దాదాపు కరగదు. అందుకే నేరుగా ఆల్కహాల్ పోసినవాళ్లకు బకిల్ రెండు రోజులు ఆడినట్టే ఆడి మళ్లీ పట్టేస్తుంది. ఆల్కహాల్ పని లోపల మిగిలిన తడిని, నెయ్యి జిడ్డును వదిలించడం.

నాలుక లోపలే ఇరుక్కుని ఉంటే ముందు లాగొద్దు. బెల్టు బిగువుగా ఉంటే నాలుక వెళ్లి లాక్ పలకను అదుముతుంది, అప్పుడు బటన్ ఎంత నొక్కినా పలక కదలదు. బెల్టును పక్కవాళ్ల చేత వదులుగా పట్టించి, నాలుకను కిందికి గట్టిగా నొక్కి, అలా నొక్కి ఉంచే బటన్‌ను సరిగ్గా మధ్యలో, నిటారుగా అదమాలి. ఆ తర్వాతే పైకి తీయాలి. బటన్ ఒక మూల నొక్కితే వంకరగా దిగి అదే ఇరుక్కుంటుంది. నాలుక ఇరుక్కున్న కేసులు సగానికి పైగా దీనితోనే వదిలాయి.

శుభ్రం చేసే ముందు ఇంజిన్ ఆపి తాళం తీసేయాలి. సన్న మూతి పెట్టిన వాక్యూమ్‌తో నలుసులు లాగేసి, టార్చ్ వేసి చూడాలి. రూపాయి బిళ్లో గింజో కనిపిస్తే కేబుల్ టై (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీ) చివర రెండువైపులా అంటుకునే టేపు చుట్టి పైకి తీయొచ్చు. అయస్కాంతం పెట్టారంటే అది లోపలి ఉక్కు పలకకే అతుక్కుని ఊరుకుంటుంది. స్క్రూడ్రైవర్, పిన్నీసు అసలు వద్దు. లోపలి స్ప్రింగ్ పక్కకు జరిగిందంటే దాన్ని మళ్లీ స్థానంలో పెట్టడం మన చేతిలో పని కాదు.

ఇక నీళ్లు. చెయ్యి పెట్టగలిగినంత వేడి చాలు, మరిగినవి వద్దు. వెనక సీటు బకిల్ సాధారణంగా మెత్తటి పట్టీ మీద ఉంటుంది కాబట్టి తలకిందులు చేయొచ్చు. కింద పాత తువ్వాలు పరిచి, మందుల షాపులో దొరికే 5 ఎంఎల్ సిరంజి సూది తీసేసి, 2 ఎంఎల్ చొప్పున మూతిలోకి పైకి చిమ్మాలి. ప్రతిసారీ నాలుకను పది సార్లు పెట్టి తీయాలి. మొదట కారే నీళ్లు టీ రంగులో, వేళ్లకు అంటుకునేలా ఉంటాయి. నాలుగో ఐదో విడతకు తేటగా వస్తాయి. అప్పుడు ఆపొచ్చు.

ముందు సీటు బకిల్ గట్టి కాడ మీద ఉంటుంది, తలకిందులు కాదు. అందులో బెల్టు పెట్టారో లేదో చెప్పే స్విచ్ ఉంటుంది. కొన్ని కార్లలో ఆ కాడకే ప్రిటెన్షనర్, అంటే ప్రమాదంలో బెల్టును ఒక్కసారిగా బిగించే పరికరం, కూడా ఉంటుంది. అక్కడ సిరంజి వాడొద్దు. నాలుకను గోరువెచ్చని నీళ్ల గ్లాసులో ముంచి, ఒక్కసారి విదిలించి, బకిల్‌లో పెట్టి తీసి, దానికి అంటిన మురికి గుడ్డతో తుడవాలి. ఇలా ఇరవై ముప్పై సార్లు. విసుగు పనే, కానీ నాలుక మోసుకెళ్లే ఆ కాస్త తడి చేరాల్సిన చోటికే చేరుతుంది, స్విచ్ దాకా వరదలా పారదు.

తర్వాత 2 ఎంఎల్ ఐసోప్రొపైల్, ఏ బకిల్‌కు నీళ్లు ఎలా పెట్టామో అదే పద్ధతిలో. అది మండే ద్రవం, కాబట్టి తలుపులన్నీ తెరిచి, దగ్గర్లో బీడీ, సిగరెట్ లేకుండా చూసుకోవాలి. రాత్రంతా ఆరనివ్వండి.

మిగతావాటి మాట. కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు స్విచ్‌లు, కనెక్టర్లు శుభ్రం చేసే స్ప్రే) బాగుంది, త్వరగా ఆరిపోతుంది. ప్లాస్టిక్‌కు హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్నదే కొనాలి. చక్కెర మీద మాత్రం ఇదీ పనిచేయదు. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి మురికిని స్విచ్ వైపు ఇంకా లోపలికి తోస్తుంది. సైకిల్ పంపు నయం. తుప్పు వదిలించే స్ప్రే, కుట్టుమిషన్ నూనె, గ్రీజు... ఇవి కొట్టిన రోజున బకిల్ వెన్నలా ఆడుతుంది. తర్వాత దుమ్మంతా ఆ జిడ్డుకు పట్టి నల్లటి ముద్దవుతుంది, నెల రెండు నెలల్లో మునుపటికంటే గట్టిగా పట్టేస్తుంది. పైగా ఆ నూనె బెల్టు పట్టీకి అంటుతుంది. ఇలా నూనె పోసిన బకిల్ బాగుచేయడం చక్కెర పట్టినదాని కంటే చాలా కష్టం. సిలికాన్ స్ప్రే కూడా అక్కర్లేదు, శుభ్రంగా ఉన్న బకిల్ పొడిగానే ఆడాలి.

అలారం మోగకుండా పెట్టే ఖాళీ క్లిప్పుల గురించి ఒక మాట. చాలావాటి కొలతలు అసలు నాలుకతో సరిగ్గా కలవవు, లాక్ పలక అంచుల్ని అరగదీయొచ్చు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఐదు ఈ-కామర్స్ సంస్థలను వీటి అమ్మకం ఆపమని ఆదేశించింది. ఇలాంటి క్లిప్ చాన్నాళ్లు పెట్టి ఉంచిన బకిల్ సతాయిస్తుంటే కడగడం దండగ, మార్చేయడమే.

ఆరాక పరీక్ష ఇలా. నాలుక పెట్టగానే ఒకే ఒక్క పదునైన క్లిక్ వినిపించాలి. బటన్ నొక్కితే నాలుక తనంతట తానే పైకి ఎగరాలి, చేత్తో లాగితేనే వస్తే లోపల ఇంకా జిగురుంది. ఇరవై సార్లలో ఇరవై సార్లూ ఇలాగే జరగాలి. పెట్టి ఉన్నప్పుడు బెల్టును గట్టిగా కుదిపి లాగి చూడాలి. క్లిక్ అని, లాగితే ఊడొచ్చే బకిల్ పట్టేసినదానికంటే ప్రమాదం. దాన్ని ఆ రోజే మార్చాలి. తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి, బెల్టు పెట్టగానే బెల్టు దీపం ఆరాలి. ఒక రోజు ఆరబెట్టినా బెల్టు దీపం ఆరకపోతే స్విచ్ పోయినట్టే.

ట్యాక్సీల్లో అరుగుదలనూ లెక్కలోకి తీసుకోవాలి. సీటు బెల్టుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన 16వ నియంత్రణ ప్రకారం బకిల్‌ను ఢీకొట్టే పరీక్షకు ముందు 5,000 సార్లు పెట్టి తీస్తారు. రోజుకు పదిహేను సార్లు బెల్టు పెట్టి తీసే ట్యాక్సీ ఆ అంకెను ఏడాది లోపే దాటుతుంది. అంతమాత్రాన బకిల్ పాడైందని కాదు, కానీ ఐదారేళ్ల ట్యాక్సీలో కడిగాక కూడా క్లిక్ మెత్తగా వస్తుంటే దాన్ని మురికి అనుకోకూడదు.

మార్చాల్సి వస్తే పాత సామాన్ల కొట్లో కొనొద్దు, ఆ బకిల్ ఏ ప్రమాదం చూసిందో తెలియదు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్, ప్రిటెన్షనర్ల వైరింగ్. దాన్ని ముట్టుకోకుండా సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. పసుపు కనెక్టర్ లేని వెనక బకిల్ అయితే ఒకే బోల్టు, సీటు కుషన్ ఎత్తితే కనిపిస్తుంది. బిగించేటప్పుడు ఆ కారు సర్వీస్ మాన్యువల్లో చెప్పిన టార్క్‌కే (తిప్పే బలానికే), ఆ బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తోనే బిగించాలి.