సిడ్నీ రగ్బీ లీగ్ మెంబర్‌షిప్: సీజనంతా హాయి, ఫైనల్స్ వస్తే టెన్షన్

పశ్చిమ సిడ్నీలోని ఒక ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియా జాతీయ రగ్బీ లీగ్) క్లబ్‌లో చాలా సీజన్లుగా మెంబర్‌ని. నలుగురికీ పక్కపక్కన సీట్లు తీసుకుంటాం. వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ వైపు ఉండే మనవాళ్లు కొందరు "మెంబర్‌షిప్ తీసుకోవచ్చా?" అని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది.

మామూలు సీజన్‌కి ఏ లోటూ లేదు. మార్చి నుంచి సెప్టెంబరు తొలి వారం దాకా ప్రతి హోమ్ మ్యాచ్‌కీ అదే వరుస, అవే సీట్లు, అవే మొహాలు. ఆరు ట్యాకిళ్ల లెక్క (ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి జట్టుకి) మా అబ్బాయికి నేర్పింది నేను కాదు, వెనక వరుసలో కూర్చునే పెద్దాయన.

బాధంతా ఫైనల్స్‌తోనే. లీగ్ పట్టికలో పైనున్న ఎనిమిది జట్లు నాలుగు వారాలు ఆడతాయి. ఈ వారాంతం మ్యాచ్‌లు అయితే గానీ వచ్చే వారం ఎవరు ఎక్కడ ఆడతారో తెలియదు. ఆ వెంటనే, ఆఫీసు పని మధ్యలో, మెంబర్లకిచ్చే ప్రీసేల్ (ముందస్తు అమ్మకం) కోడ్ పట్టుకుని ఆన్‌లైన్ క్యూలో కాచుకోవాలి. సీజనంతా కూర్చున్న సీటు అక్కడ లెక్కలోకి రాదు. నిన్నగాక మొన్న చేరినవాళ్లూ, ఆ పెద్దాయనలా వానలో ఓడిపోయే మ్యాచ్‌లు కూడా చూసినవాళ్లూ ఒకటే. ఒకసారి మాకు రెండు మూలల్లో రెండేసి సీట్లు దొరికాయి. నేనూ మా ఆవిడా చెరో పిల్లాణ్ణి తీసుకుని విడివిడిగా కూర్చున్నాం. మరోసారి ప్రీసేల్‌లో "అయిపోయాయి" అని వచ్చింది. అదే రాత్రి మేం అడిగిన బే (స్టాండ్‌లో ఒక భాగం) సీట్లే రీసేల్‌లో, అంటే కొన్నవాళ్లు తిరిగి అమ్మే చోట, కనిపించాయి. అసలు ధర మీద పది శాతం మించి అమ్మకూడదని న్యూ సౌత్ వేల్స్‌లో 2018 జూన్ నుంచి చట్టం ఉంది. ధరకైతే అది అడ్డుకట్టే, కానీ సీటు ముందుగా ఎవరికి దక్కాలన్నది ఆ చట్టం చూడదు.

టైటిల్ తేల్చే ఆఖరి మ్యాచ్, గ్రాండ్ ఫైనల్ సంగతి ఇంకా కష్టం. అది జరిగే ఒలింపిక్ పార్క్ స్టేడియంలో ఎనభై వేలకు పైగా సీట్లున్నాయి. వేదిక ముందే ఖరారు కాబట్టి, ఏ రెండు జట్లు ఆడతాయో తేలకముందే అమ్మకం మొదలవుతుంది. ఫైనల్‌కి చేరిన క్లబ్బుల మెంబర్లకంటూ కొంత వాటా ఉంటుంది. అది ఎన్ని సీట్లో మా క్లబ్ మాకెప్పుడూ చెప్పలేదు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. అందరికీ టికెట్ రాదని ఏ అభిమానికైనా తెలుసు. ఎన్ని ఉన్నాయో, ఎలా పంచారో చెబితే రాకపోయినా సర్దుకుంటాం.

మెంబర్‌షిప్ తీసుకోండి, పిల్లలకు ఆ వాతావరణం చాలా బాగుంటుంది. ఫైనల్స్‌లో ప్రాధాన్యం ఇస్తామన్న మాట నమ్మి మాత్రం ఖరీదైన కేటగిరీకి వెళ్లకండి. మేం వచ్చే సీజన్‌కి అవే నాలుగు సీట్లు రెన్యూ చేశాం. ఫైనల్స్ వాటా ఎంతో ముందే ప్రకటించాలనీ, మెంబర్‌గా ఉన్న ఏళ్లను లెక్కలోకి తీసుకోవాలనీ, కుటుంబాలకు సీట్లు కలిపి ఇవ్వాలనీ క్లబ్‌కి రాసి పంపాం. జవాబు ఇంకా రాలేదు.