నిషేధమా, నియంత్రణా: జూదం చట్టంలో ఇల్లాలి మాటకు చోటెక్కడ?

తెలంగాణ సరిహద్దులో ఉన్న మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో బచత్ గట్ (మహిళల పొదుపు సంఘం) సమావేశాలకు వెళ్ళినప్పుడల్లా మహిళలు నన్ను ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: డబ్బు పెట్టి ఆడే ఫోన్ ఆటలను పూర్తిగా నిషేధించడం మేలా, లైసెన్సులిచ్చి హద్దులు పెట్టడం మేలా?

ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే అన్న పద్ధతి ఎంతవరకు పనిచేస్తుందో సరిహద్దులో ఉన్న మాకు వేరే చెప్పనక్కరలేదు. తెలంగాణ 2017లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధించింది. మహారాష్ట్రలో నడుస్తున్న 1887 నాటి జూద నిరోధక చట్టం మాత్రం నైపుణ్యంతో ఆడే ఆటలను మినహాయించింది, రమ్మీని అలాంటి ఆటగానే లెక్కిస్తారు. అందువల్ల గోదావరి అవతల కాళేశ్వరంలో తెరుచుకోని యాప్, వంతెన దాటి ఇవతలికి రాగానే తెరుచుకునేది. సాయంత్రాలు మహదేవపూర్ వైపు నుంచి కుర్రాళ్ళు బండ్ల మీద వచ్చి, వంతెన ఈ చివర వరుసగా కూర్చుని, చీకటి పడేదాకా ఫోన్లలోంచి తలెత్తకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఇక మిగిలినవి రెండు దారులు. మొదటిది, 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలన్నిటినీ అది నిషేధించింది. ఆడించేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ఆ లావాదేవీలు జరపకూడదని బ్యాంకులను కూడా కట్టడి చేసింది. రెండోది తమిళనాడు, బ్రిటన్ ఎంచుకున్న నియంత్రణ దారి. తమిళనాడు 2025 నియమాల ప్రకారం రమ్మీ ఆడేవారికి ఆధార్ ధ్రువీకరణ ఉండాలి, అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5 వరకు ఆట ఆగిపోవాలి. బ్రిటన్‌లో ఆటగాడు ఒకసారి పేరు నమోదు చేసుకుంటే లైసెన్సున్న వెబ్‌సైట్లన్నీ అతణ్ణి దూరం పెట్టాలి. క్రెడిట్ కార్డుతో పందెం కాయడం 2020 నుంచి కుదరదు.

ఈ నియంత్రణలు మంచివే. కానీ పేరు నమోదు చేసుకోవలసింది, తన హద్దు తాను గీసుకోవలసింది ఆ ఆటగాడే. మా వాడలో ఒక జంట తెలంగాణకు మిర్చి ఏరడానికి పోయింది. ఇద్దరి కూలీ భర్త ఫోనుకే వచ్చింది. ఇంటికి తిరిగి వచ్చేనాటికి ఖాతాలో మిగిలింది నూట పన్నెండు రూపాయలు. తరువాత ఆమె వెండి కడియాలు కుదువకు పోయాయి. పోలీసులకు చెప్పలేదేమని అడిగితే, "చెప్తే మా ఆయననే లోపలేస్తరు గదన్నా, అప్పుడు పిల్లలకు తిండెవరు పెడతరు?" అన్నది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు, ఎందుకంటే పాత చట్టం జూదగృహంలో దొరికిన ఆటగాణ్ణి కూడా శిక్షిస్తుంది. 2025 చట్టం ఆటగాడికి శిక్ష పెట్టలేదు. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఈ ఒక్క అంశమే. ఇంటి మనిషిని జైలుకు పంపుతానేమోనన్న భయం లేకుండా ఆడది నోరు విప్పగలగాలి.

పన్నులతో ఆట తగ్గుతుందనే వాదన కూడా ఉంది. 2023 అక్టోబరులో ఆటకు జమ చేసే మొత్తం మీద 28 శాతం జీఎస్టీ మొదలైనా మా దగ్గర ఎవరూ ఆట మానలేదు.

నిషేధంలోనూ లోటు ఉంది. విదేశీ సైట్లు అద్దెకు తీసుకున్న ఇతరుల ఖాతాల ద్వారా యూపీఐలోనే డబ్బు లాగుతున్నాయి, అది ఏ ఖాతాకు పోతున్నదో బ్యాంకు గుర్తించే లోపలే కూలి డబ్బు కరిగిపోతుంది. ఇక్కడ సింగపూర్ పద్ధతి మనకు అక్కరకు వస్తుంది. అక్కడ భార్యగాని, తల్లిదండ్రులుగాని దరఖాస్తు చేసుకుంటే, విచారించి ఆ మనిషిని కాసినోలోకి రానివ్వకుండా ఉత్తర్వు ఇస్తారు. అదే హక్కును మన చట్టంలో చేర్చి, ఇంటివాళ్ళ అర్జీ మీద విచారణ జరిపి, ఆ ఖాతా నుంచి రోజుకు ఎంత పోవచ్చో బ్యాంకు పరిమితి పెట్టేలా చేయాలని నేను కోరుతున్నాను.

వచ్చే మిర్చి సీజనుకు తన కూలి తన ఖాతాలోనే వేయమని ఆమె మేస్త్రీకి ఇప్పటికే చెప్పింది. భర్త కూలి మాత్రం ఇంకా అతని ఫోనుకే వస్తుంది.