భూమికి ఏది మేలు: పల్లెనా, నగరమా, శివారా?

పర్యావరణం మీద ఏం రాసినా పాఠకుల నుంచి మళ్లీ మళ్లీ ఇదే ప్రశ్న. జనం పల్లెల్లోనే ఉండిపోతే భూమికి మంచిది కదా, కొంప ముంచుతున్నవి నగరాలే కదా అని. నా ఓటు నగరానికే. అయితే అన్ని నగరాలకూ కాదు.

పల్లె తరఫు వాదన కొట్టిపారేసేది కాదు. పల్లెలో మనిషి కొనేది తక్కువ, పారేసేది తక్కువ. కానీ అందులో పల్లె గొప్పతనం ఎంత, చేతిలో డబ్బు లేకపోవడం ఎంత? ఆదాయం సమానంగా ఉంటే, అపార్టుమెంటులో ఉండి బస్సెక్కే కుటుంబం కంటే, విడి ఇంట్లో ఉండి ప్రతి పనికీ కారు తీసే కుటుంబానికే పెట్రోలూ స్థలమూ ఎక్కువ కావాలి.

నా దృష్టిలో తేల్చాల్సింది మాత్రం కాన్పుల లెక్క. కరెంటును బొగ్గు బదులు ఎండతో తీయొచ్చు, డీజిల్ బస్సుల్ని మార్చొచ్చు. పుట్టిన తరం రేపు తల్లిదండ్రులవుతుంది, ఆ లెక్కను వెనక్కి తిప్పలేం. పొలం ఉన్న ఇంట్లో పిల్లాడంటే పనికి ఇంకో రెండు చేతులు. నగరంలో అదే పిల్లాడు ఫీజులు, ఇరుకు గదులు, ఏళ్ల తరబడి ఖర్చు. పైగా అక్కడ ఆడపిల్లల చదువు సాగుతుంది, పెళ్లి వెనక్కి జరుగుతుంది, ఆసుపత్రి దగ్గర్లో ఉంటుంది. ఇథియోపియాలో 2016 సర్వే ప్రకారం గ్రామాల్లో ఒక్కో స్త్రీకి సగటున 5.2 మంది పిల్లలు. రాజధాని అడిస్ అబాబాలో 1.8. భారత్‌లో 2019-21 సర్వేలో ఈ తేడా బాగా చిన్నది: పల్లెల్లో 2.1, నగరాల్లో 1.6.

దీనికి గట్టి ఎదురు ఉదాహరణ బంగ్లాదేశ్. జనంలో ఎక్కువ మంది పల్లెల్లో ఉండగానే, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లడంతో అక్కడ ఒక్కో స్త్రీకి పిల్లల సగటు ఆరు పైనుంచి మూడు దరిదాపులకు దిగింది. కాబట్టి ఊరు వదలడమే దారి అనను. నగరంలో దొరికేవి ఊరికి చేరినా పని జరుగుతుంది, కాకపోతే దానికి ప్రభుత్వం పట్టుబట్టి పనిచేయాలి. నగరంలో అది చాలావరకు తనంతట తానే జరిగిపోతుంది. ఒక్కోసారి మోతాదు మించుతుంది కూడా: 2023లో దక్షిణ కొరియాలో ఈ సగటు 0.72కి పడిపోయి, ముసలివాళ్లను చూసేదెవరన్న టెన్షన్ పట్టుకుంది.

పర్యావరణ ఉద్యమాల విషయంలో మాత్రం నా మొగ్గు పల్లె వైపే. నగరాలూ తక్కువేం చేయలేదు. లండన్‌ను 1952లో బొగ్గు పొగ నిండిన పొగమంచు కమ్మి వేలమంది చనిపోయాక 1956లో స్వచ్ఛ గాలి చట్టం వచ్చింది. 1970 ఏప్రిల్ 22న తొలి ధరిత్రీ దినోత్సవంలో సుమారు 2 కోట్ల మంది అమెరికన్లు పాల్గొన్నారు. జనబలం, పత్రికలు, కోర్టులు నగరానికి దగ్గర. కానీ 1974లో ఉత్తరాఖండ్‌లోని రేణి గ్రామ మహిళలు చెట్లు నరకనివ్వకుండా అడ్డుగా నిలబడింది బతుకు కోసం. అడవి పోతే వాళ్లకు కట్టెలూ పోతాయి, కొండచరియలు ఊరి మీద పడతాయి. నగర ఉద్యమకారుడికి ఇష్టం లేకపోతే ఇల్లు మారే వీలుంది.

శివారు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1990 నాటికి స్పెయిన్‌లోని బార్సిలోనా, అమెరికాలోని అట్లాంటా జనాభాలు దాదాపు సమానం. ఒకటి 162 చదరపు కిలోమీటర్లలో ఇమిడింది, రెండోది 4 వేలకు పైగా ఆక్రమించింది. అంత పరుచుకున్న చోట మెట్రో వేసినా స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగేవాళ్లు కొద్దిమందే. ప్రకృతికి హాని తగ్గించి బతకాలని కొందరు కలిసి కట్టుకునే పర్యావరణ గ్రామాలంటారా, ఉండాలనుకున్నవాళ్లు ఉండొచ్చు, కోట్లమందికి సరిపోయే మాట కాదు.

నాకు చిరాకు తెప్పించేది ఇంకొకటి. చాలా నగరాల్లో తమ వీధిలో ఎత్తైన భవనం వద్దని అడ్డం పడేది పచ్చదనం పేరు చెప్పే సంఘాలే. ఆ వీధిలో కట్టనివ్వని ఇళ్లు ఊరి బయట పొలాల మీద లేస్తాయి, ఒక్కో ఇంటికి ఒక్కో కారుతో.