హువాంగ్‌షాన్‌లో స్కెచ్ పుస్తకంతో: ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోవాలి

చైనా సంప్రదాయ చిత్రకళలో స్కెచ్ అంటే కళ్లముందున్నదాన్ని అచ్చుగుద్దినట్టు దించడం కాదు. రాయి ఎటు చీలింది, కొమ్మ ఎక్కడ మలుపు తిరిగింది, మేఘం ఏ ఎత్తు దాకా లేచింది, ఇవి గీతల్లో పట్టుకొస్తే చాలు. అసలు బొమ్మ తర్వాత ఇంట్లో తయారవుతుంది. ఆన్‌హుయ్ ప్రావిన్స్‌లోని హువాంగ్‌షాన్ కొండలకు ఈ పనిమీదే వెళ్లాలి. 17వ శతాబ్దంలో హోంగ్రెన్, మెయ్ చింగ్, షితావ్ గీసింది ఈ కొండలనే. హోంగ్రెన్ పేరుమీద ఉన్న 60 పుటల ఆల్బమ్‌లో ప్రతి పుటా ఇక్కడి ఒక్కో చోటుది.

కొండ దిగువన టాంగ్‌కౌలో గదులు చౌక. అయినా బస కొండమీదే తీసుకోవాలి. మేఘసముద్రం, అంటే శిఖరాల కింద సముద్రంలా పరుచుకునే మేఘాలు, బాగా కనిపించేది వాన వెలిసిన మర్నాడు తెల్లవారుజామున. కిందనుంచి బస్సు, రోప్‌వే వరుసలు దాటి వచ్చేసరికి అది చెదిరిపోవచ్చు. పైన గదీ తిండీ ఖరీదే. సరుకులు చాలావరకు కూలీలు భుజాన మోసుకొస్తారు. ఏడాదిలో సగానికి పైగా రోజులు పొగమంచు ఉంటుంది కాబట్టి రెండు రాత్రులకు తక్కువ పెట్టుకుంటే డబ్బు వృథా. బంకు మంచాల గది చౌకే, కానీ కాగితాలు ఆరబెట్టుకోవడానికి చోటుండదు.

ఏ హోటలన్నది ఏం గీస్తారన్నదాన్నిబట్టి ఉంటుంది. పైన్ చెట్లకైతే బెయ్‌హాయ్ వైపు దిగాలి, షిషిన్ శిఖరం దగ్గరే. బండరాళ్లకు, లోయలకు షీహాయ్ వైపు మేలు. ఉత్తర సోంగ్ రాజవంశ కాలపు చిత్రకారుడు గువో షీ మూడు దూరాలు చెప్పాడు: కిందనుంచి శిఖరాన్ని చూసేది, ముందునుంచి లోపలికి చూసేది, దగ్గరి కొండనుంచి దూరపు కొండలను చూసేది. రెండోది పైయున్ మండపం దగ్గర, మూడోది 1,860 మీటర్ల గువాంగ్‌మింగ్‌డింగ్ మీద దొరుకుతుంది. మొదటిదానికి షీహాయ్ లోయలోకి దిగాల్సిందే. చలికాలంలో ఆ దారి మూసేస్తారు.

మెట్లదారి ఇరుకు, ఈజిల్ పనికిరాదు. అరచేతికి కాస్త పెద్దదైన మడతల ఆల్బమ్, 2బి పెన్సిలు, క్లిప్పులు చాలు. కొండమీద పచ్చి షువాన్ (జిగురు పట్టించని చైనా చేతి కాగితం) వాడితే తేమకు సిరా పాకిపోయి గీత చెడుతుంది. పటిక, జిగురు పట్టించిన షువాన్ తీసుకెళ్లాలి. వెలుగునీడలు పూసుకుంటూ కూర్చోవద్దు, ఎండ మారగానే అవి పనికిరావు. పొడుగ్గా చీలిన గ్రానైట్ పగుళ్లు, చదునుగా పరుచుకున్న చెట్టు తల గీసుకోండి. 20వ శతాబ్దపు చిత్రకారుడు హువాంగ్ బిన్‌హోంగ్ పెన్సిలు స్కెచ్‌లు చూస్తే ఇది తెలుస్తుంది: ఉన్నవి గీతలే, నీడ లేదు. ఫోటో మీదే ఆధారపడితే బొమ్మంతా ఒకే చోటునుంచి చూసినట్టవుతుంది. ఈ సంప్రదాయంలో చూపు నడుస్తుంది, నాలుగైదు స్కెచ్‌లు కలిసి ఒక కొండవుతాయి.

సిరా, కాగితం కొనడానికి హువాంగ్‌షాన్ నగరంలోని టున్‌షీ పాతవీధి మంచిది. ఈ ప్రాంతం సిరాకు, షె సిరారాళ్లకు (సిరా కడ్డీ అరగదీసే రాళ్లకు) పేరున్నది. దగ్గర్లోని పాత ఊరు హోంగ్‌చున్‌కు తెల్లగోడల కోసం వెళ్లొచ్చు. అక్కడ కాగితాన్నే గోడగా వదిలేయడం నేర్చుకోవచ్చు. అయితే దక్షిణ చెరువు గట్టున చిత్రకళ విద్యార్థుల రద్దీ ఎక్కువ. ఊరిలోపలి గెస్ట్‌హౌస్‌లో ఉంటే పర్యాటక బస్సులు రాకముందే పని అయిపోతుంది.

గది తీసుకోవడానికి పాస్‌పోర్టు తప్పనిసరి. శీతాకాలమైతే సిరా కడ్డీని గోరువెచ్చని నీళ్లతో అరగదీయండి. చల్లటి నీటిలో సిరాలోని జంతువుల జిగురు గడ్డకట్టి కుంచెకు అంటుకుంటుంది.