పూట లెక్క: మూడేళ్లు పాటించాక చెబుతున్నా

రూములో ఖర్చులు ఎలా పంచుకోవాలని అడిగినవాళ్లకు నేను ఈ పద్ధతే చెబుతున్నాను. ఇంటి ఖర్చు తలకింత, తిండి ఖర్చు పూటకింత. 2022 మార్చి నుంచి నడుపుతున్నాం. మూడేళ్లు దాటింది కాబట్టి ఇందులో ఏది బాగుందో, ఎక్కడ ఇబ్బంది పడ్డామో రాస్తున్నాను.

నెల్లూరు వేదాయపాళెంలో రెండు బెడ్రూముల ఇల్లు, నలుగురం. నేను దర్గామిట్టలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. కోవూరు అన్న, కందుకూరు అన్న కృష్ణపట్నం పోర్టు వైపు షిఫ్టులకు వెళ్లేవాళ్లు. ఉదయగిరి తమ్ముడు గ్రూప్స్‌కు చదువుకుంటున్నాడు.

చేరిన కొత్తలో అందరిలాగే మేమూ నెల ఖర్చంతా కూడి నాలుగుతో భాగించేవాళ్లం. తమ్ముడు రాత్రి పదింటికి లైబ్రరీ నుంచి వచ్చేసరికి చాలాసార్లు గిన్నెలు ఖాళీ. శని, ఆదివారాలు ఊరికి వెళ్లేవాడు. నెలాఖరున మాత్రం మాతో సమానంగా కట్టేవాడు, అదీ వాళ్ల నాన్న పంపిన డబ్బుల్లోంచి. ఒక్కసారీ నోరు తెరిచి అడగలేదు. ఒక రాత్రి కోవూరు అన్న నీళ్లకు లేస్తే, వీడు వంటింట్లో లైటు కూడా వేయకుండా నిలబడి అరటిపండు తింటున్నాడట. తెల్లారాక అన్న నన్నూ కందుకూరు అన్ననూ లేపి, "వాడి డబ్బుతో మనం తింటా ఉండాం, తెలస్తా ఉందా?" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పూట లెక్క మేం కొత్తగా కనిపెట్టింది కాదు. ఇంజినీరింగ్ హాస్టళ్ల మెస్సుల్లో డివైడింగ్ సిస్టమ్ అని ఉంటుంది. నెల ఖర్చును అందరూ తిన్న రోజులతో భాగించి, ఎవరు ఎన్ని రోజులు తింటే అంత కట్టించుకుంటారు. మేం రోజు బదులు పూట పెట్టుకున్నాం. పొద్దున క్యారేజీ ఒక పూట, రాత్రి భోజనం ఒక పూట. టిఫిన్ ఎవరిది వాళ్లదే.

అద్దె, వైఫై, నీళ్ల క్యాన్లు, వంటక్క జీతం, గ్యాస్ బండ, పాలు, టీపొడి ఇవన్నీ తలకింత. ఎవరు ఊరికి వెళ్లినా వంటక్క జీతం ఆగదు కదా. అద్దెలో మాత్రం అటాచ్డ్ బాత్రూం ఉన్న గదివాళ్లు కొంచెం ఎక్కువ ఇస్తారు. బియ్యం, పప్పులు, నూనె, కూరగాయలు, గుడ్లు, చేపలు పూటల్లోకి వెళతాయి. ఒక నెల లెక్క చెబుతాను. సరుకులకు, కూరలకు కలిపి 9,300 అయింది. మా పూటలు వరసగా 56, 50, 52, తమ్ముడివి 28. మొత్తం 186. పూటకు 50 రూపాయలు పడింది. పాత పద్ధతిలో అయితే వాడు 2,325 కట్టాలి. కట్టింది 1,400. ఆ తేడా ఒక టెస్ట్ సిరీస్ ఫీజుకు సరిపోయింది.

దీనికి ప్రాణం ఒక్క నియమంలో ఉంది. రాత్రికి రానని సాయంత్రం నాలుగు లోపల గ్రూపులో చెప్పాలి. చెప్పకపోతే తినకపోయినా పూట పడుతుంది. ఎందుకంటే వంటక్క తలకింత అని గ్లాసుతో కొలిచి బియ్యం పోస్తుంది. మొదటి రెండు నెలలు దీని మీదే గొడవలు. షిఫ్టు పొడిగించారని కందుకూరు అన్న ఆరు గంటలకు ఫోన్ చేసేవాడు. అది అతని తప్పు కాదు, అన్నం మాత్రం అప్పటికే ఉడికిపోయి ఉండేది. చివరకు అలాంటి పూటలు నెలకు మూడు మాఫీ అనుకున్నాం. మూడుకు మించి ఎవరికీ అవసరం పడలేదు.

ఆదివారం చేపల పులుసు పెద్ద చిక్కే తెచ్చింది. నెల్లూరోళ్లం, పులుసు మర్నాడే రుచి అంటాం. ఆదివారం రాత్రి తిన్నది లెక్కలోకి వస్తే, సోమవారం పొద్దున మిగిలిన పులుసుతో తిన్న అన్నం సంగతేంటి? మిగిలింది ఎవరు తిన్నా పూట పడదని తేల్చుకున్నాం. పారేయడం కంటే తినడం మేలు కదా. అప్పటి నుంచి ఫ్రిజ్‌లో గిన్నెలు కుళ్లడం ఆగిపోయింది. కార్తీకంలో కోవూరు అన్న మాల వేసినప్పుడు మాత్రం లెక్క జోలికే పోలేదు. 41 రోజులు ఇంట్లో నీచు వండొద్దని ఆయన అడగలేదు, మేమే మానేశాం. ఆయన వేరే పొయ్యి మీద వండుకున్న ఒంటిపూటను ఎవరూ లెక్కలో రాయలేదు.

ఇంటి నుంచి వచ్చే బియ్యం దగ్గర నేనే పొరపాటు చేశాను. కోవూరు అన్న వాళ్లకు పొలం ఉంది. పంట రాగానే 25 కిలోల బస్తా తెచ్చి వంటింట్లో దించేవాడు. న్యాయంగా ఉండాలని నేను మార్కెట్ రేటు కట్టి ఆయన పేరున జమ రాశాను. ఆ సంగతి వాళ్ల నాన్నకు తెలిసింది. ఫోన్‌లో నన్ను పిలిపించి, "ఇంటి బియ్యానికి రేటు గట్టినావా అబ్బయా? అట్టా రాయమాకండి" అన్నాడు. కోపంగా కాదు, చిన్నబోయి అన్నాడు. అలాగని ఊరికే తింటే ప్రతి ఏడూ ఒకే మనిషి మీద భారం. కొన్నాళ్లు ఆలోచించి ఒక దారి పట్టాం. బస్తా వచ్చిన నెలలు ఆయనకు గ్యాస్ బండ వంతు లేదు. పుస్తకంలో రూపాయి రాయం. పెద్దాయన మనసు నొచ్చుకోలేదు, అన్నా నష్టపోలేదు. ఊరగాయలు, పిండివంటలు ఎవరి ఇంటి నుంచి వచ్చినా లెక్క లేదు.

మొదట్లో ఇదంతా ఒక యాప్‌లో రాసేవాళ్లం. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో ముడులు విప్పి చూపించేది. నలుగురి మధ్య ఎన్ని బాకీలున్నా మూడు చెల్లింపుల్లో తేలిపోయేవి. ఆ సౌకర్యం నాకు నిజంగా నచ్చింది. తర్వాత ఉచితంగా రోజుకు కొన్ని పద్దులే అన్నారు. మార్కెట్‌కు వెళ్లొచ్చిన రోజు ఆ కొన్ని ఏ మూలకూ చాలవు. అంతకంటే పెద్ద లోపం, వంటక్క ఫోన్‌లో యాప్ లేకపోవడం. వచ్చే దారిలో కరివేపాకు, కొబ్బరికాయ ఆమె తన డబ్బుతో తెచ్చేది. అవి ఎక్కడా ఎక్కేవి కావు, ఆమె అడిగేది కాదు. ఇప్పుడు పొయ్యి పక్కన మేకుకు నోటుబుక్కు, దారంతో పెన్ను కట్టి ఉంటాయి. పూటకు టిక్కు మేం పెడతాం. ఆమె పది రూపాయలకు ఒక నిలువు గీత గీస్తుంది. ఆదివారం గీతలు లెక్కపెట్టి ఆమె చేతిలో పెడతాం. ఒకటో తారీఖున తలా 1,500 ముందే ఒకరి దగ్గర జమ చేస్తాం, ఆ పని నెలకొకరిది. నెలాఖరున తేడా మాత్రమే ఫోన్‌పేలో సర్దుకుంటాం. చేతిలోంచి పెట్టి, తర్వాత అడగలేక నలిగిపోయే టెన్షన్ దాంతో పోయింది.

కరెంటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, చాలా రూముల్లో ఇక్కడే దెబ్బతింటారు. కందుకూరు అన్న పగలు నిద్రపోవాలి కాబట్టి తన గదికి ఏసీ పెట్టుకున్నాడు. ఏసీ ఎన్ని యూనిట్లు కాల్చిందో విడిగా తెలియడానికి 600 రూపాయలతో సబ్‌మీటర్ పెట్టాం. కానీ యూనిట్ సగటు ధరతో భాగిస్తే మిగతావాళ్లకు నష్టం. మన బిల్లులో వాడకం పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. మొదటి 125 యూనిట్లకు తక్కువే, 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 8.75, 400 దాటితే 9.75. ఒక మే నెలలో ఇంటికి 140, ఏసీకి 170, కలిపి 310 యూనిట్లు. ఫిక్స్‌డ్ చార్జీలు, ట్రూఅప్‌లు (పాత ఖర్చుల కింద తర్వాత వేసే సర్దుబాటు చార్జీలు) పక్కన పెడితే 310కి దాదాపు 1,761 అవుతుంది. ఏసీ లేకుండా 140కి 507. అంటే ఏసీ వల్ల పెరిగింది 1,254. సగటు లెక్కలో అతని మీద పడేది 966 మాత్రమే. కాగితం మీద వేసి చూపించగానే అన్న ఒప్పుకుని 1,254 కట్టాడు. పైగా ఎండలు ముదిరాక గది తలుపు తీసి, "రాండిరా, ఇక్కడ పడుకోండి" అనేవాడు. అలా పడుకున్న రాత్రులకు మేం ముగ్గురం కలిసి కొంత ఇచ్చాం.

అందరికీ ఇది కుదరదు. నలుగురూ మూడు పూటలా ఇంట్లోనే తినేవాళ్లయితే ఇంత శ్రమ దండగ, సమానంగా పంచుకోండి. టిక్కు పెట్టడానికి బద్ధకించే మనిషి ఒక్కడున్నా నడవదు. అతిథుల విషయం మాకు ఇంకా పూర్తిగా తేలలేదు. అమ్మానాన్నలు వస్తే లెక్క లేదు, స్నేహితులకు పూట పడుతుంది అన్నాం. తమ్ముడి స్నేహితుడు పరీక్ష కోసం వచ్చి వారం ఉన్నప్పుడు మాత్రం టిక్కు పెట్టడానికి ఎవరికీ చేయి రాలేదు.

ఉమ్మడిగా కొన్న వస్తువులకూ మొదటే ఒక మాట అనుకోండి. 2022 ఏప్రిల్‌లో సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ 9,600కు కొని, 48 నెలలకు నెలకు 200 చొప్పున అరిగినట్టు అనుకున్నాం. 2024 అక్టోబరులో కందుకూరు అన్న పెళ్లయి ఇల్లు మారేటప్పుడు 18 నెలల విలువ 3,600 మిగిలింది. అందులో అతని పావు వాటా 900. అతని చోటికి వచ్చిన కావలి కుర్రాడు ఆ 900 ఇచ్చి చేరాడు. వాడికి ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంది, రాత్రంతా వరండా ప్లగ్గులో పెడతాడు. ఏసీ పోయాక ఖాళీగా ఉన్న సబ్‌మీటర్‌ను ఈ ఆదివారం ఆ ప్లగ్గుకు మార్పించాలి.