పాస్‌పోర్టు అమెరికాది, బస నెల్లూరులో: ఈ-వీసా నుంచి సీ ఫారం దాకా

మన జిల్లాల లాడ్జీల మీద కోపంతోనే ఇది రాస్తున్నా. చెన్నైలో దిగి, నాలుగు గంటలు కార్లో కూర్చుని, రాత్రి పదకొండింటికి నెల్లూరు ట్రంకు రోడ్డు మీద లాడ్జీ కౌంటర్ ముందు నిలబడితే కుర్రాడు విదేశీ పాస్‌పోర్టు చూసి రిజిస్టరు మూసేస్తాడు. "ఫారినర్స్‌కి రూము ఇవ్వం సార్, పోలీసులతో ఇబ్బంది." భుజాన నిద్రపోతున్న బిడ్డ, మొహం మాడ్చుకున్న అమెరికా కోడలు, ఏం చెప్పాలో తోచని మామగారు. ఒంగోలు బస్టాండు దగ్గరా ఇదే వరస.

విదేశీయులకు గది ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. వాళ్లు దిగిన 24 గంటల్లోపు లాడ్జీవాళ్లు వాళ్ల వివరాలు ఆన్‌లైన్లో సర్కారుకు పంపాలి, అంతే. దాన్నే అందరూ సీ ఫారం అంటారు. 2025 సెప్టెంబరు 1న కొత్త వలస చట్టం అమల్లోకి వచ్చినా ఆ 24 గంటల గడువు మారలేదు. పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, ఫోటో, ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్తారు: పది నిమిషాల పని. చిన్న లాడ్జీల వాళ్లు ఆ వివరాలు పంపే సర్కారు సైటులో లాగిన్ తీసుకోరు, అదీ అసలు సంగతి. అందుకే ముందురోజే ఫోన్ చేసి "ఫారినర్స్‌ని తీసుకుంటారా?" అని కాకుండా "సీ ఫారం లాగిన్ ఉందా?" అని అడగండి. రెండో ప్రశ్నకు తడబడితే ఆ లాడ్జీ వదిలేయండి, అద్దె 500 తక్కువైనా సరే. బంధువుల ఇంట్లో దిగినా ఈ నిబంధన తప్పదు. ఇంటివాళ్లే విదేశీయుల నమోదు చూసే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ సైటులో లాగిన్ తీసుకుని నింపాలి. జిల్లాలో ఈ వ్యవహారం చూసేది ఎస్పీ ఆఫీసు.

ఇక వీసా. చూసిపోవడానికైతే ఈ-టూరిస్ట్, అంటే ఆన్‌లైన్లో తీసుకునే టూరిస్ట్ వీసా, చాలు. చాలా దేశాల వాళ్లకు 30 రోజులది ఏప్రిల్ నుంచి జూన్ దాకా 10 డాలర్లు, మిగతా నెలల్లో 25. ఏడాదిది 40, ఐదేళ్లది 80. పైన బ్యాంకు చార్జీ. ఐదేళ్లదే తీసుకోమంటాను, ఏటా సంక్రాంతికి వచ్చేవాళ్లకు అదే లాభం. గూగుల్లో వెతికితే సర్కారు సైటులాగే కనిపించే ఏజెంట్ సైట్లు ముందు వస్తాయి, అదే పనికి రెండు మూడింతలు గుంజుతాయి. అడ్రసు చివర గవ్ డాట్ ఇన్ లేకపోతే కార్డు నంబరు కొట్టొద్దు.

దరఖాస్తులు ఎక్కువగా దెబ్బతినేది రెండు చోట్ల. పాస్‌పోర్టు పేజీ ఫోటోలో ఫ్లాష్ మెరుపు పడితే వెనక్కొస్తుంది. పాస్‌పోర్టు నంబర్లో సున్నా బదులు ఇంగ్లిష్ 'O' అక్షరం పడితే వీసా వచ్చినా పనికిరాదు, కట్టిన ఫీజు తిరిగి రాదు, మళ్లీ మొదటి నుంచి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. స్టేటస్ 'గ్రాంటెడ్' అని చూసి, ప్రింటు తీసుకుని విమానాశ్రయానికి వెళ్లాలి. పాస్‌పోర్టు మారితే పాతదీ వెంట ఉంచుకోవాలి.

అన్నిటికంటే బాధ పెట్టేది పసిపిల్లల విషయం. అమ్మానాన్నలవి ఇండియా పాస్‌పోర్టులే కదా, అక్కడ పుట్టిన బిడ్డకు వీసా ఎందుకనుకుంటారు. అమెరికా పాస్‌పోర్టున్న నెలల బిడ్డకైనా వీసాగానీ ఓసీఐ (భారతీయ మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) గానీ లేకపోతే విమానం ఎక్కనివ్వరు. పెంచలకోనలో పుట్టువెంట్రుకల మొక్కుకు ముహూర్తం పెట్టుకునే ముందే ఇది చూసుకోవాలి. ఓసీఐకి అక్కడ 275 డాలర్లు, పైగా టైమ్ పడుతుంది. మొదటిసారికి ఈ-వీసా మీద వచ్చి, ఓసీఐ తర్వాత తీరిగ్గా చేయించుకోవడం మేలు.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు చూసి బేరమాడేందుకు వచ్చేవాళ్లు టూరిస్ట్ వీసా మీద రాకూడదు. వాళ్లకు ఈ-బిజినెస్ ఉంది. విజిటింగ్ కార్డు కాపీ, ఇక్కడి క్వారీ కంపెనీ లెటర్ అప్‌లోడ్ చేయాలి. ఆ లెటర్ పంపేటప్పుడే ఒంగోలులో సీ ఫారం లాగిన్ ఉన్న హోటల్లో గది కూడా కంపెనీ వాళ్లే బుక్ చేయాలి.